చంకలో ఆ ఉబ్బు ఏమిటి డాక్టర్ గారూ?

ఈసారి శీర్షిక మొత్తం ఒకే విషయం మీద. చంకలో మెత్తటి ఉబ్బు, కొందరికి గడ్డ, కొందరికి నొప్పి అంటూ ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి, దాదాపు అందరూ చివర్లో "దయచేసి పేరు వెయ్యకండి" అని రాశారు. వెయ్యలేదు. కొన్ని వివరాలు మార్చాం కూడా. కానీ ఇందులో అంత సిగ్గుపడాల్సింది ఏమీ లేదని ముందే చెప్పేస్తున్నా.

ప్రశ్న: నాకు 26 ఏళ్ళు, గుంటూరు, పెళ్ళి కాలేదు. రెండు చంకల్లోనూ ముందువైపు మెత్తగా ఉబ్బుగా ఉంటుంది, కుడివైపు కాస్త ఎక్కువ. పదో తరగతి నుంచీ ఉంది. లావుగా ఉన్నాను కాబట్టి కొవ్వే అనుకున్నా. పోయినేడు జిమ్‌లో చేరి 9 కిలోలు తగ్గాను, నడుం తగ్గింది, ముఖం తగ్గింది, ఇది మాత్రం అలాగే ఉంది. నెలసరికి వారం ముందు బరువుగా అయిపోయి, చెయ్యి పైకెత్తితే సలుపుతుంది. నెట్‌లో చూస్తే క్యాన్సర్ అని వస్తోంది. ఇంట్లో ఇంకా చెప్పలేదు, చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: నీ ఉత్తరంలోనే సగం జవాబు ఉందమ్మా. బరువు తగ్గినా అది తగ్గలేదు, నెలసరి ముందు నొప్పి పెడుతోంది, రెండువైపులా ఉంది, పదేళ్ళుగా ఉంది. కొవ్వుకి నెలసరి తేదీలు తెలియవు, రొమ్ముకి తెలుసు. నువ్వు చెప్పినదాన్ని బట్టి చూస్తే అది చంకలో ఉండిపోయిన అదనపు రొమ్ము కణజాలం అయ్యుండే అవకాశమే ఎక్కువ. ఉత్తరం చదివి రోగం తేల్చకూడదు కాబట్టి "అయ్యుండే అవకాశం" అంటున్నా, ఒకసారి చూపించుకోవాల్సిందే.

అసలు అక్కడికి రొమ్ము ఎలా వచ్చిందంటే, మనం అమ్మ కడుపులో దాదాపు ఆరు వారాల వయసులో ఉన్నప్పుడు చంకల దగ్గర్నుంచి గజ్జల దాకా ఒంటికి రెండువైపులా చర్మం గీతలాగా మందం కడుతుంది. దాన్ని పాలరేఖ అంటారు. కుక్కలకీ పందులకీ ఈ రేఖ పొడుగునా వరసగా చన్నులు ఏర్పడతాయి. మనిషికి ఛాతీ దగ్గర మాత్రం ఉండి మిగతాదంతా పుట్టేలోపే కరిగిపోతుంది. ఎక్కడైనా ఒక చోట కరగకుండా మిగిలిందనుకో, అదే ఇది. అలా మిగిలే చోట్లలో చంకదే మొదటి స్థానం. నూటికి 2 నుంచి 6 మంది ఆడవాళ్ళలో ఉంటుందని వైద్య పుస్తకాలు చెప్తాయి, అంటే మీ ఆఫీసులో ఇంకో ఇద్దరికి ఉండి ఉంటుంది, వాళ్ళూ నీలాగే ఎవరికీ చెప్పి ఉండరు. కొందరికి కణజాలం ఏమీ లేకుండా చిన్న చనుమొన మాత్రమే ఉంటుంది, దాన్ని జీవితాంతం పుట్టుమచ్చ అనుకుంటారు. కజావా అనే ఫిన్లాండ్ డాక్టరు 1915లోనే వీటిని ఎనిమిది రకాలుగా విడదీశాడు, ఈరోజుకీ మేం ఆ లెక్కే వాడుతున్నాం. చంకలో ఎక్కువగా కనిపించేది చనుమొన లేకుండా లోపల గ్రంథి మాత్రమే ఉండే రకం.

ఇంకొకటి కూడా ఉంది. అందరికీ రొమ్ము పైభాగం కాస్త చంక వైపు సాగి ఉంటుంది, అది మామూలే. కొందరిలో ఆ సాగిన భాగమే పెద్దదై ఉబ్బులా కనిపిస్తుంది. ఈ రెండింటికీ తేడా సర్జన్‌కి ముఖ్యం, నీకు పెద్దగా కాదు.

పుట్టుకతో వచ్చినదైతే పదో తరగతి దాకా ఎందుకు కనపడలేదు అంటావేమో. హార్మోన్లు వచ్చేదాకా అది నిద్రపోతూ ఉంటుంది. రజస్వల అయ్యాక, నెలసరి ముందు, గర్భంలో, కాన్పు తర్వాత అసలు రొమ్ములో ఏం జరుగుతుందో ఇక్కడా అదే జరుగుతుంది.

ఇక చూపించుకోవడం. జనరల్ సర్జన్ చాలు, మీ ఊళ్ళో రొమ్ము సర్జన్ ఉంటే మరీ మంచిది, మగ డాక్టరు దగ్గర ఇబ్బందైతే లేడీ డాక్టరే కావాలని అడుగు, అడగడంలో తప్పులేదు. నెలసరి అయిపోయిన వారంలో వెళ్ళు, అప్పుడు వాపు తక్కువగా ఉండి చేతికి సరిగా తెలుస్తుంది. చేత్తో చూశాక మామూలుగా అల్ట్రాసౌండ్ స్కానింగ్ రాస్తారు. నీ వయసుకి మామోగ్రామ్, అంటే రొమ్ముకి తీసే ఎక్స్‌రే, సాధారణంగా అక్కర్లేదు. స్కాన్‌లో రొమ్ములో కనిపించేలాంటి కణజాలమే కనిపిస్తే పని అయిపోయినట్టే. ఏదైనా గట్టి గడ్డ విడిగా కనిపిస్తేనే సూది పరీక్షో, ముక్క పరీక్షో.

చంకలో ఉబ్బు అంటే ప్రతిసారీ ఇదే అనుకోకూడదు కూడా. కొవ్వు గడ్డ కావచ్చు, సెగగడ్డ కావచ్చు, మాటిమాటికీ చీముపట్టి మచ్చలు మిగిల్చే చర్మవ్యాధి కావచ్చు, బిళ్ళలు కట్టడం కావచ్చు. మన దేశంలో చంకలో బిళ్ళలంటే టీబీని ఎప్పుడూ మనసులో పెట్టుకోవాలి, ముఖ్యంగా సాయంత్రం జ్వరం, ఆకలి లేకపోవడం, బరువు తగ్గడం తోడైతే.

క్యాన్సర్ సంగతి. రొమ్ము కణజాలమే కాబట్టి రొమ్ముకి వచ్చే ప్రతిదీ దీనికీ రావచ్చు, నీటి తిత్తులు, మామూలు గడ్డలు, ఇన్‌ఫెక్షన్, క్యాన్సర్ కూడా. కానీ మొత్తం రొమ్ము క్యాన్సర్లలో ఇలా అదనపు కణజాలంలో పుట్టేవి నూటికి ఒకటి కూడా ఉండవు. ఆ భయంతో ముందుజాగ్రత్తగా తీయించుకోవాల్సిన పనిలేదు. నెలనెలా రొమ్ములు తడిమి చూసుకునేటప్పుడు చంకలు కూడా చూసుకో, అంతే. గట్టిగా, కదలకుండా, నెలసరితో సంబంధం లేకుండా పెరిగేది ఏదైనా తగిలితే వెంటనే వెళ్ళాలి. మీ అమ్మకి చెప్పు. ఆవిడకీ ఉందేమో, కొన్ని కుటుంబాల్లో వరసగా కనిపిస్తుంది.

ప్రశ్న: మా చెల్లెలికి మొదటి కాన్పు, ఈరోజుకి అయిదో రోజు, తెనాలిలో పుట్టింట్లోనే ఉంది. మూడో రోజు నుంచి రెండు చంకల్లో నిమ్మకాయంత గడ్డలు లేచాయి, రాయిలా ఉన్నాయి, చేతులు ఒంటికి ఆనించలేకపోతోంది. మా అమ్మ నూనె రాసి వేడి కాపడం పెట్టి పిండుతోంది. నిన్న చంకలో చిన్న రంధ్రం లాంటిదాంట్లోంచి తెల్లటి చుక్క వచ్చింది, అందరం హడలిపోయాం. పక్కింటి మామ్మగారు మల్లెపూలు కట్టమంటున్నారు. పాపకి పాలు ఇవ్వచ్చా, ఆపాలా?

జవాబు: ముందు పిండటం ఆపించండి. ఉత్తరం చేరి, పత్రిక అచ్చయ్యేసరికి మీ చెల్లెలికి ఎలాగూ తగ్గిపోయి ఉంటుంది, అయినా ఇది చదివే ఇంకో బాలింత ఇంట్లో ఈ రాత్రే ఇదే జరుగుతూ ఉంటుంది కాబట్టి రాస్తున్నా.

ఆ తెల్లటి చుక్క పాలే. చీము కాదు. కాన్పైన రెండో రోజు నుంచి అయిదో రోజు లోపల రొమ్ముల్లోకి పాలు పడతాయి కదా, చంకలో గ్రంథి ఉన్నవాళ్ళకి అక్కడా పడతాయి. అక్కడ చనుమొన లేదు, పాలు బయటికి పోయే దారి సరిగా లేదు, అందుకే ఉబ్బి గట్టిపడి అంత నొప్పి. చాలామందికి తమకి ఇలాంటిది ఉందని మొట్టమొదటిసారి తెలిసేది కాన్పు తర్వాతే. ఆసుపత్రిలో అంతా బాగుందని ఇంటికి పంపాక మూడో రోజున ఈ గడ్డలు లేస్తే ఎవరికైనా భయమే, కాన్పు వార్డులో ఒక్క మాట ముందే చెప్తే ఇంత హడావిడి ఉండదు, మా వాళ్ళు ఆ ఒక్క మాట చెప్పరు.

పాలకి ఒక పద్ధతి ఉంది. ఎంత ఖాళీ చేస్తే అంత ఊరుతాయి. మీ అమ్మగారు ప్రేమతోనే పిండుతున్నారు, కాదనను, కానీ పిండిన ప్రతిసారీ ఇంకా కావాలని ఒంటికి కబురు పంపుతున్నట్టే. వేడి కాపడం కూడా వాపుని పెంచుతుంది. ముట్టుకోకుండా వదిలేస్తే లోపల పాలు నిండి, ఆ ఒత్తిడికి ఊరడం దానంతటదే ఆగిపోతుంది, చాలామందికి ఒకటి రెండు వారాల్లో మెత్తబడిపోతుంది.

ఈలోపు చల్లటి కాపడం. ఐసుముక్కలు నేరుగా చర్మానికి తగలకుండా పల్చటి తువ్వాల్లో చుట్టి, ఓ పావుగంట పెట్టి తీసెయ్యండి, రోజులో నాలుగైదుసార్లు. చల్లదనం తగిలితే బాలింతకి వాతం చేస్తుందని పెద్దవాళ్ళు ఒప్పుకోరు, నాకు తెలుసు. చంకలో పావుగంట చల్లగుడ్డకి ఏ వాతమూ రాదని నా మాటగా చెప్పండి. నొప్పికి పారాసిటమాల్ వేసుకోవచ్చు, పాలిచ్చే తల్లులకి అది ఇబ్బంది లేనిదే, మోతాదు మీ డాక్టర్నో నర్సునో అడిగి వేసుకోండి. చంకలో కోసుకుపోయే జాకెట్లు వద్దు, వదులుగా నూలు బట్టలు.

పాపకి పాలు ఆపనే ఆపకండి. రొమ్ము రెండువైపులా ఎప్పటిలాగే, అడిగినప్పుడల్లా ఇవ్వాలి. చంకలో గడ్డలున్నంత మాత్రాన ఆ పాలు పాడవవు.

మల్లెపూలంటారా, మామ్మగారి మాటని నేను కొట్టిపారెయ్యను. పాలు ఆగిపోవాల్సిన పరిస్థితుల్లో, అంటే బిడ్డ దక్కని తల్లులకి, రొమ్ముల మీద మల్లెపూలు కట్టడం మన దక్షిణాదిలో పాత అలవాటు. 1988లో దాన్ని పాలు ఆపే మాత్రతో పోల్చి చూసిన వైద్య పరిశోధన కూడా ఉంది, పూలతో కూడా పాలు తగ్గాయనే తేలింది. కానీ ఆ తల్లులకి పాలు ఆగాలి, మీ చెల్లెలికి పాలు కావాలి. చంకలో కట్టినా అది రొమ్ముకి జానెడు దూరం కూడా ఉండదు. పైగా చెమటపట్టే చోట పూలు నలిగి దురదలు. పూలు తల్లో పెట్టుకోమనండి.

ఎప్పుడు పరిగెత్తాలంటే, చలితో జ్వరం వచ్చినా, గడ్డ మీద చర్మం ఎర్రబడి వేడిగా అయినా, ఒకేచోట సలుపు పోట్లుగా మారినా. అది పాలతో కాదు, ఇన్‌ఫెక్షన్‌తో. అప్పుడు యాంటీబయాటిక్ కావాలి, చీముపడితే తీయించాలి, ఆలస్యం చెయ్యొద్దు. రెండు వారాలు దాటినా గట్టిగానే ఉన్నా, ఒక్కవైపే ఉండి తగ్గకపోయినా స్కాన్ చేయించాలి. ఇంకో సంగతి, తర్వాతి కాన్పులో మళ్ళీ రావచ్చు, ఈసారి భయపడకుండా ఉంటే చాలు.

ప్రశ్న: మా అమ్మాయికి 23. మాఘమాసంలో పెళ్ళి పెట్టుకున్నాం. చంకల దగ్గర లావుగా ఉబ్బు ఉంది, జాకెట్టు కుట్టే టైలరు "ఇక్కడ మడత పడుతుందండీ, సరిగా రాదు" అన్నాడు. ఒక క్లినిక్‌లో అడిగితే గంటలో లైపోసక్షన్ చేసి పంపేస్తాం, మచ్చ కూడా ఉండదు అన్నారు. పెళ్ళిలోపు చేయించెయ్యచ్చా? – ఒక తల్లి, రాజమండ్రి

జవాబు: ఉత్తరం రెండుసార్లు చదివాను. అమ్మాయికి నొప్పి ఉందని గానీ, తను తీయించుకుంటానందని గానీ ఎక్కడా లేదు. టైలరు అన్నాడు, క్లినిక్ వాళ్ళు అన్నారు, మీరు అడుగుతున్నారు. అమ్మాయిని అడిగారా?

తను కావాలంటే అప్పుడు మాట్లాడుకుందాం. ఆపరేషన్ తప్పేమీ కాదు. నెలనెలా నొప్పి, చెయ్యి రాసుకుని ఒరుసుకుపోవడం, బట్టలు వేసుకోలేకపోవడం, చూసుకున్నప్పుడల్లా బాధపడటం, ఇవన్నీ సరైన కారణాలే. చూడ్డానికి బాగాలేదు అనేది కూడా కారణమే, అది తన ఒళ్ళు. కానీ గంటలో, మచ్చ లేకుండా అన్నదగ్గరే నాకు అనుమానం.

లైపోసక్షన్ అంటే సన్నటి గొట్టంతో కొవ్వుని లాగెయ్యడం. ఉబ్బులో ఎక్కువ భాగం కొవ్వైతే బాగానే పనిచేస్తుంది. రొమ్ము గ్రంథి కొవ్వులా మెత్తగా ఉండదు, నారలాగా గట్టిగా ఉంటుంది, గొట్టంలోకి మొత్తం రాదు. కొవ్వు పోయి గ్రంథి మిగిలిపోతే పెళ్ళికి జాకెట్టు సరిపోతుంది, తొలి గర్భంలో మళ్ళీ ఉబ్బుతుంది. అందుకే ముందు స్కాన్ చేసి లోపల గ్రంథి ఎంత, కొవ్వు ఎంత, పైన వేలాడే చర్మం ఎంత అని చూడాలి. గ్రంథి ఉంటే చంక ముడతలోనే కోత పెట్టి దాన్ని తీసెయ్యాలి, కావాలంటే పక్కన కొవ్వుని లాగొచ్చు, రెండూ కలిపి చేసేవాళ్ళూ ఉన్నారు. మచ్చ ఉంటుంది. చంక మడతలో కలిసిపోయేలా పెడతారు, చెయ్యెత్తితే కనిపిస్తుంది. మీ ఇంట్లో ఎవరికైనా చెవులు కుట్టిన చోట మచ్చ ఉబ్బి పెరిగిన అలవాటుంటే సర్జన్‌కి తప్పకుండా చెప్పండి.

మామూలుగా మత్తిచ్చి చేస్తారు, అదే రోజో మర్నాడో ఇంటికి పంపుతారు. కొందరికి నీరు తీసే సన్నటి గొట్టం కొన్ని రోజులు ఉంచుతారు. ఎక్కువగా వచ్చే ఇబ్బంది కోసిన చోట నీరు చేరడం, సూదితో తీయాల్సి రావచ్చు. కుట్లు విడిపోవడం, రక్తం గూడు కట్టడం, ఇన్‌ఫెక్షన్ కూడా ఉన్నాయి. చంకలోంచి చెయ్యి లోపలి భాగానికి స్పర్శ తెలిపే ఒక నరం వెళ్తుంది, అది దెబ్బతింటే జబ్బ లోపలివైపు మొద్దుబారినట్టుంటుంది, చాలామందికి నెలల్లో సర్దుకుంటుంది, కొందరికి అలాగే ఉండిపోతుంది. ఈ మాట సంతకం పెట్టకముందే చెప్పాలి. తీసిన ముక్కని పరీక్షకి పంపుతారా అని అడగండి, పంపం అంటే అక్కడ చేయించకండి.

తర్వాత కొన్ని వారాలు బిగుతుగా ఉండే బట్ట వేసుకోవాలి, బరువులెత్తకూడదు, భుజం బిగుసుకుపోకుండా చెప్పిన వ్యాయామం చెయ్యాలి. పెళ్ళిలో చేతులెత్తి తలంబ్రాలు పోసుకోవాలి, గాజులు, పూలజడ, రోజంతా బరువు పట్టుచీర. పెళ్ళికి రెండు నెలల గడువు లేకపోతే ఇప్పుడు వద్దనే నా సలహా. పిల్లలు పుట్టాక చేయించుకోవచ్చు కూడా, అయితే పాలు మాన్పించాక కనీసం మూడు నుంచి ఆరు నెలలు ఆగాలి, అప్పటికి గ్రంథి తగ్గాల్సినంత తగ్గుతుంది. అప్పుడు తీయాలా వద్దా అన్నది కూడా తేలిగ్గా తెలుస్తుంది.

ఖర్చు సంగతి అడగలేదు గానీ చెప్తున్నా, చాలా ఇన్సూరెన్సులు దీన్ని అందం కోసం చేయించుకునేదని తోసేస్తాయి. నొప్పి ఉందని డాక్టరు రాస్తే కొన్ని ఒప్పుకోవచ్చు. ముందే రాతపూర్వకంగా అడగండి, నోటిమాట నమ్మి అడ్మిట్ అవ్వకండి.

ఇక టైలర్ని మార్చండి. చంక దగ్గర అర అంగుళం వదులు పెట్టి, మోచేతి దాకా చేతులు కుట్టగలిగినవాళ్ళు మీ ఊళ్ళోనే ఉంటారు.

ప్రశ్న: డియోడరెంట్ వాడటం వల్ల, వ్యాక్సింగ్ వల్ల, బిగుతు బ్రా వల్ల ఇది వస్తుందా? – డిగ్రీ విద్యార్థిని, హనుమకొండ

జవాబు: రాదు, రాదు, రాదు. పుట్టకముందే ఉన్నది డియోడరెంట్‌తో ఎలా వస్తుంది? వ్యాక్సింగ్ వల్ల చిన్న సెగగడ్డలు రావచ్చు, అవి వేరు. ఒక్క జాగ్రత్త, ఎప్పుడైనా మామోగ్రామ్‌కి వెళ్ళే రోజున చంకలో డియోడరెంట్, పౌడర్ వెయ్యకూడదు. వాటిలోని రేణువులు ఫిల్ములో తెల్లటి చుక్కల్లా పడి లేనిపోని అనుమానం తెస్తాయి.

ప్రశ్న: నేను మగవాణ్ణి, 34. కరీంనగర్, ప్రస్తుతం దుబాయ్‌లో పని. ఎడమ చంకలో మెత్తటి ఉబ్బు, రూమ్‌లో వాళ్ళు ఎగతాళి చేస్తున్నారు. మగవాళ్ళకీ ఉంటుందా?

జవాబు: ఉంటుంది తమ్ముడూ. పాలరేఖ ఆడకీ మగకీ ఒకటే, నూటికి ఒకరి నుంచి ముగ్గురు మగవాళ్ళలో కనిపిస్తుందంటారు. ఎగతాళి చేసేవాళ్ళలో ఎవడికైనా ఛాతీ కింద పుట్టుమచ్చ ఉంటే అది నిజంగా పుట్టుమచ్చేనా అని అడుగు. కాకపోతే మగవాళ్ళ చంకలో ఉబ్బు కొవ్వు గడ్డో బిళ్ళో అయ్యే అవకాశమే ఎక్కువ, ఎప్పటినుంచి ఉందో నువ్వు రాయలేదు. ఈమధ్యే వచ్చిందైతే సెలవుకి ఇంటికొచ్చేదాకా ఆగకు, అక్కడే స్కాన్ తీయించు. జ్వరం, బరువు తగ్గడం, రాత్రుళ్ళు చెమటలు ఉంటే ఈ వారమే వెళ్ళు.

ప్రశ్న: నాకు 47, డల్లాస్‌లో ఉంటున్నాం. మామోగ్రామ్ రిపోర్టులో "ఎడమ చంకలో అదనపు రొమ్ము కణజాలం ఉంది" అని ఒక్క లైను రాసి, ఏడాది తర్వాత మళ్ళీ రమ్మన్నారు. ఇన్నేళ్ళూ లేనిది ఇప్పుడెలా వచ్చింది? ముక్క పరీక్ష ఎందుకు చెయ్యలేదు? నిద్ర పట్టడం లేదు.

జవాబు: ఇన్నేళ్ళూ ఉన్నదే, ఇప్పుడు ఫిల్ములో కనిపించింది. చూసిన డాక్టరు అది మామూలు కణజాలమని గుర్తుపట్టాడు కాబట్టే ఒక్క లైనుతో వదిలేశాడు, అనుమానం ఉంటే ఏడాది ఆగమనరు, మర్నాడే పిలిచి స్కాన్ తీసేవారు. ప్రతి మామోగ్రామ్‌లో పక్కనుంచి వాలుగా తీసే ఫిల్ము ఒకటుంటుంది, అందులో చంక కొంత వరకు వస్తుంది, మీది కనిపించింది అందులోనే.

మీకు చేతికి కొత్తగా గడ్డ తగులుతోందా అన్నది మాత్రం ముఖ్యం, మీరు అది రాయలేదు. నలభై దాటాక ఒక్కవైపే కొత్తగా గట్టిగా తగిలితే, రిపోర్టు ఏం చెప్పినా సరే, ఆ చోటు చూపించి ప్రత్యేకంగా అల్ట్రాసౌండ్ అడగాలి. ఆ మధ్య టీకా ఏదైనా అదే చేతికి వేయించుకుని ఉంటే చంకలో బిళ్ళలు కొన్నాళ్ళు ఉబ్బుతాయి, అది కూడా డాక్టర్‌కి చెప్పండి.

ఇండియా వస్తే ఇక్కడ ఇంకోసారి చూపించుకుంటానని రాశారు, తప్పకుండా చూపించుకోండి. కాగితం రిపోర్టు ఒక్కటే కాదు, ఆ మామోగ్రామ్ సీడీ, అంతకుముందు ఏళ్ళవి ఉంటే అవి కూడా తెచ్చుకోండి, పాత ఫిల్ము పక్కన పెట్టి చూస్తే పెరిగిందో లేదో అయిదు నిమిషాల్లో తేలిపోతుంది.